తిరగేసిన మిల్లు

“ఏవండీ, ఈ మిల్లు మాది కాదు!”

ఫొటో స్టూడియో అద్దాల కిటికీ అవతల నిలబడి, అందులో అంటించిన ఫొటోలు చూస్తూ అంటున్నాడతను. నూనె మరకల చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. ఊళ్ళోని బట్టల మిల్లులో డ్యూటీ దిగి వస్తున్న ఫిట్టరని చూడగానే తెలుస్తోంది.

లోపలున్న స్టూడియో ఓనరు కూతురికి ఒళ్ళు మండిపోయింది. మూడ్రోజుల నుంచీ ఇదే మాట! వచ్చిన ప్రతి పెద్దాయనా కళ్ళజోడు సవరించుకోవడం, “మాది కాదమ్మా” అనేసి వెళ్ళిపోవడం.

నాన్నకి చూపు తగ్గి స్టూడియో మూసేస్తున్నాడు. “ఎవరికీ అక్కర్లేని మొహాల్ని ఇంకెన్నాళ్ళు మోస్తాను? నలభై ఏళ్ళ నెగెటివ్‌లన్నీ శనివారం పాతసామాన్ల బండికి వేసేస్తా” అన్నాడు. “శనివారంలోగా వాటి మనుషుల్ని పట్టుకొస్తా, చూస్కో” అంది కూతురు. తనే డార్క్‌రూమ్‌లో దూరి, మిల్లులో మగ్గాల పక్కన నిలబెట్టి తీసిన పనివాళ్ళ ఫొటోలు అరవై కడిగి, కిటికీ నిండా అంటించింది. మొండితనంలో తండ్రికేం తీసిపోదు మరి. ఇవాళ గురువారం.

“మా నాన్న ఊరు దాటి ఫొటో తీసింది లేదు. మీది కాకపోతే ఇంకెవరి మిల్లు?”

“కోప్పడకండి. మగ్గం చక్రం కుడివైపుండాలి, ఇక్కడ ఎడమవైపుంది. మావాళ్ళు మొహాలు తర్వాత చూస్తారు. ముందు ఏ మగ్గం, పక్కనెవరు అనే చూస్తారు. పైగా ఇంతమంది చొక్కాలకీ జేబు కుడిపక్కనుందేంటి?”

ఆమె చూసింది. అరవై నెగెటివ్‌లూ తిరగేసి పెట్టి కడిగింది!

“నవ్వకండి.”

“నవ్వట్లేదండీ.”

“లోపల నవ్వుతున్నారు.”

“లోపలి సంగతి మీకెలా తెలుసండీ?”

ఏడుపొచ్చింది కానీ ఏడవడానికి టైమేది? “రేపటికల్లా అన్నీ మళ్ళీ కడగాలి. మీకు మగ్గాలు తెలుసు. లోపలికి రండి.”

“నేనా?”

“తప్పు పట్టింది మీరేగా!”

వచ్చాడు. శుక్రవారం డ్యూటీ దిగి మళ్ళీ వచ్చాడు. ఆమె కడుగుతుంటే, ఒక్కో ఫొటో ఆరేసి కింద మగ్గం నంబరు రాశాడు.

“ఇది నాలుగో నంబరు. దీని దగ్గర పనిచేస్తే ఎడమ భుజం వాలిపోతుంది. మా నాన్నకీ అంతే.”

ఆమె అతని భుజాలకేసి చూసింది. అవసరానికి మించే చూసింది.

“మీవి బాగానే ఉన్నాయే!”

“థాంక్సండీ,” అన్నాడు. చెవులదాకా ఎర్రబడ్డాడో, డార్క్‌రూమ్ లైటే ఎర్రదో!

శనివారం పొద్దున షిఫ్ట్ వదిలారు. ఒక ముసలావిడ కిటికీలో కొత్తగా అంటించిన ఫొటోల ముందు ఆగి, “ఓసినీ! ఏడో నంబరు! ఇది నేనే!” అని కేకేసింది. అంతే, జనం ఎగబడ్డారు. అంతలో పాతసామాన్ల బండి కూడా వచ్చేసింది.

నాన్న బయటికొచ్చేసరికి ఒక పెద్దాయన ఆయన రెండు చేతులూ పట్టుకుని బావురుమన్నాడు. “పోయిన మా ఆవిడది ఇంట్లో ఒక్క ఫొటో లేదయ్యా. ఇన్నాళ్ళూ నీ దగ్గరుందా!”

నాన్న బండివైపు తిరిగాడు. “నువ్వెళ్ళవయ్యా, ఇవి అమ్మను,” అన్నాడు బండివాడితో.

జనం పలచబడ్డాక ఫిట్టర్ నెమ్మదిగా అడిగాడు. “ఇక నా పని అయిపోయినట్టేనా?”

“పని అయిపోయింది. మీరు రావడం మాత్రం మానొద్దు. మీరంటే నాకిష్టం. నాన్చడం నాకు చేతకాదు.”

“సోమవారం చెబుదామని ప్రాక్టీస్ చేసుకుంటున్నానండీ...”

“సోమవారం దాకా ఎవరాగుతారు? ఇప్పుడే చెప్పండి!”

“ఇష్టమండీ. చాలా ఇష్టం.”

లోపల్నుంచి నాన్న దగ్గాడు. చూపు తగ్గింది కానీ వినికిడి కాదుగా!

“ఏమోయ్ ఫిట్టరూ! రేపు మీ అమ్మనీ నాన్ననీ వెంటబెట్టుకురా.”

“ఫొటోకాండీ?”

“ఫొటో పెళ్ళిలో తీస్తాలే. ముందు సంబంధం మాట్లాడుకోవాలి!”