నాలుగో తీగ

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి, ఇస్త్రీ బట్టలు పెట్టుకునే చిన్న గదిలోంచి "డొయ్యిం... టక్" అని చప్పుడొచ్చింది. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న ఇంటాయన చేయి ఆగిపోయింది.

"టీచరుగారూ, ఏమైనా విరిగిందా?"

"ఏం విరగలేదు. మీ పని మీరు చూసుకోండి," అని లోపలినుంచి సమాధానం వచ్చింది.

ఆవిడ లెక్కల టీచరమ్మ, అందుకే ఆయన భార్యని సరదాకి అలా పిలుస్తాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒకే బళ్ళో పనిచేస్తోంది. నల్లబల్ల మీద ఆవిడ ఒట్టి చేత్తో గుండ్రం గీస్తే, ఇంకెవరికీ అంత బాగా రాదని తోటి టీచర్లే ఒప్పుకుంటారు. అలాంటి మనిషి ఇప్పుడు ముక్కాలి పీట మీద కూర్చుని, చంటిపిల్లంత ఉకులేలేని, అంటే నాలుగు తీగల చిన్న గిటారులాంటి దాన్ని, ఒళ్ళో పెట్టుకుని, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక తికమక పడుతోంది. వదులుగా పట్టుకుంటే జారుతోంది. గట్టిగా అదిమితే మోగనంటోంది. ఎదురుగా ఫోన్లో పాఠం చెప్పే కుర్రాడు మాత్రం, "చాలా తేలిక, ఒక్క వేలు చాలు," అని నవ్వుతున్నాడు.

"నాకు పదివేళ్ళూ చాలట్లేదు నాయనా," అని గొణుక్కుంది ఆవిడ.

ఆ ఉకులేలే కూతురిది. కూతురు వచ్చే వారం స్నేహితురాలితో కలిసి వేరే గదికి మారిపోతోంది. ఉద్యోగం ఇక్కడే, బ్యానర్లు అచ్చువేసే షాపులో. ఇంటినుంచి బస్సులో పావుగంట. అయినా వెళ్తానంది. ఎందుకే అని అడిగితే "ఊరికే" అంది. ఆ "ఊరికే"ని టీచరమ్మ ఎన్ని రకాలుగా విడగొట్టి చూసినా జవాబు రాలేదు.

మూడు వారాల క్రితం కూతురు సామాన్లు సర్దడం మొదలుపెట్టి, "ఇవి ఎవరికైనా ఇచ్చేయండి" అని ఒక పెట్టె పక్కన పెట్టింది. అందులో ఇది కనబడింది. టీచరమ్మ తీసి బట్టల వెనక దాచింది. ఎందుకు దాచిందో ఆవిడకే తెలియదు. ఆ మర్నాటినుంచీ కూతురు ఇంట్లో లేనప్పుడల్లా తలుపేసుకుని వాయించడానికి ప్రయత్నిస్తోంది. అదెందుకో అంతకన్నా తెలియదు.

"ఈ వయసులో నీకిదేం సరదానే?" అని ఆయన అడిగాడు ఒకసారి.

"సరదా అయితే ఇంత కష్టంగా ఎందుకుంటుందండీ?" అని ఎదురడిగింది. నిజంగానే జవాబు కావాలన్నట్టు మొహం పెట్టింది కూడా. ఆయన తల గోక్కున్నాడు.

ఆవేళ ఆదివారమైనా అర్జంటు పనుందని షాపుకి బయల్దేరిన కూతురు సగం దారిలో తాళంచెవులు మర్చిపోయానని వెనక్కి వచ్చింది. చప్పుడు విని తలుపు తోసింది.

తల్లి కూర్చున్నచోటే బిగుసుకుపోయింది. బళ్ళో కాపీ కొడుతూ దొరికిన పిల్లలు ఎలా ఉంటారో సరిగ్గా అలాగే ఉంది.

"అది నాది కదా?"

"నువ్వే ఇచ్చేయమన్నావుగా..."

"ఎవరికైనా ఇమ్మన్నాను. నిన్ను తీసుకోమనలేదు."

"తేడా ఏముందే?"

కూతురి మొహం ఎర్రబడింది. "ఇది కూడానా అమ్మా? లెక్కలు నువ్వే బాగా చేస్తావు. నేను వేసుకున్న జడ విప్పి నువ్వే మళ్ళీ వేసేదానివి. పుస్తకాలకి నేను అట్టలేస్తే అవీ ఊడదీసి నువ్వే వేసేదానివి. ఈ ఇంట్లో నీకు రాకుండా నాకొచ్చింది ఇదొక్కటే. దీన్ని కూడా నెల్లాళ్ళలో నేర్చేసుకుని, ఓస్ ఇంతేనా అనిపించుకోవాలా?"

సగం గీసిన గడ్డంతో తండ్రి గుమ్మంలోకి వచ్చాడు. "ఏమిటమ్మా పొద్దున్నే..." అనబోయి, ఇద్దరి మొహాలూ చూసి నోరు మూసుకున్నాడు.

టీచరమ్మకి ఏమీ పాలుపోలేదు. కూతురు ఏ నేరం మోపుతోందో సగమే అర్థమైంది. చివరికి ఉకులేలే ఎత్తుకుని, వేలు పెట్టి, తీగలన్నీ ఒక్కసారి మీటింది.

డొయ్యిం.

"ఇదీ నేను నేర్చుకున్నది," అంది. "మూడు వారాలైంది. ఫోన్లో పాఠం చెప్పేవాడు పెట్టమన్నచోటే వేలు పెడుతున్నాను. లెక్కపెట్టి మరీ మూడో మెట్టు దగ్గర పెడుతున్నాను. అయినా తప్పే వస్తోంది. తప్పెక్కడుందో తెలిస్తే దిద్దుకుంటాను. ఎక్కడుందో తెలియకపోతే ఏం చేస్తారే మనుషులు?"

కూతురు మెల్లగా అంది.

"కుళాయి తిప్పి స్నానాలగదిలో ఏడుస్తారమ్మా. బయటికొచ్చి, అర్థమైందని తలూపుతారు."

టీచరమ్మ కళ్ళముందు భోజనాల బల్ల మెదిలింది. తొమ్మిదో తరగతి పుస్తకం, దాని మీదికి వంగిన సన్నటి మెడ. "రెండోసారికి కూడా ఎక్కకపోతే నీ బుర్ర ఎక్కడుందే?" అన్న తన గొంతు. ఆ మాట తను తిట్టుగా కూడా అనుకోలేదు. బళ్ళో నలభైమందికి ఓపిక పంచిపెట్టి, ఇంటికి ఒట్టి చేతులతో వచ్చేది. పిల్ల తలూపితే సరే, వచ్చేసిందనుకునేది.

"నాకు తెలీదే," అంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "నిజంగా తెలీదు. ఎన్నేళ్ళు అలా?"

"పదేళ్ళు. బడి అయిపోయేదాకా."

"అందుకేనా వెళ్తున్నావు?"

"అందుక్కాదు. ఏమో, అందుకేనేమో. నాకే సరిగ్గా తెలీదమ్మా." కూతురు నేలమీద కూర్చుని ఉకులేలే లాక్కుంది. ఏడుపు ఆపుకోవడానికన్నట్టు ఒకసారి మీటింది. వెంటనే కనుబొమలు ముడిపడ్డాయి. "నాలుగో తీగని ఇంత వదులుగా ఎవరు చేశారు?"

"నేనే. అది వరుస తప్పి ఉంది. నాలుగోది అన్నింటికంటే కింది స్వరంలో ఉండాలి కదా? మూడోదానికంటే పైన మోగుతోంది. అందుకని దిద్దాను."

కూతురికి కళ్ళనీళ్ళతోనే నవ్వొచ్చింది. "దిద్దావా! అది అలాగే ఉండాలమ్మా."

"ఎందుకలా?"

"ఎందుకో నాకూ తెలీదు. అది అంతే." బిరడా తిప్పి తీగ బిగించి తల్లి చేతికిచ్చింది. "ఇప్పుడు పెట్టు వేలు."

టీచరమ్మ భయంభయంగా ఉంగరపు వేలు ఆనించి మీటింది. గదిలో మొదటిసారి వినసొంపైన నాదం పలికింది. గుమ్మంలో ఆయన "అమ్మయ్య" అన్నాడు.

"నీ వేలు మొదటినుంచీ సరిగ్గానే ఉందమ్మా," అంది కూతురు.

టీచరమ్మ ఉకులేలే పక్కన పెట్టి, కూతురి తల తన ఒళ్ళోకి లాక్కుని, ఇక ఆగకుండా ఏడ్చింది.

కూతురు వెళ్ళడం మానుకోలేదు. అనుకున్న తారీకునే వెళ్ళింది. ఉండమని అడగబోయి టీచరమ్మ మాట మింగేసింది. "నేను వస్తూ ఉండచ్చా?" అని మాత్రం అడిగింది. "ఆదివారాలు రా. నేర్పిస్తాను," అంది కూతురు.

మొదటి ఆదివారం గుడ్డసంచిలో ఉకులేలే పెట్టుకుని మూడంతస్తులు ఎక్కింది. తలుపు కొట్టేముందు ఆయాసంతో కాసేపు నిలబడింది. కొత్త బళ్ళో చేరిన పిల్లలా సంచిని గుండెలకి హత్తుకుంది.

ఆవేళ పాఠం మూడువేళ్ళది. ఒక వేలు కుదిరితే రెండోది జారుతోంది, రెండోది కుదిరితే మూడోది ఎటో పోతోంది. నాలుగోసారి, అయిదోసారి కూడా అదే తప్పు.

"అబ్బా, ఎన్నిసార్లు చెప్పాలమ్మా! నీ బుర్ర..."

కూతురు చటుక్కున ఆగిపోయి, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పర్లేదులే," అంది టీచరమ్మ నెమ్మదిగా. "నాకింకా అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

కూతురు కుర్చీ దగ్గరికి లాక్కుంది. తల్లి వేళ్ళను ఒక్కొక్కటిగా పట్టుకుని, తీగల మీద వాటి వాటి చోట్లలో ఆనించి, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.