లేసు ఆఫీసులో సర్వర్

కొత్త డేటాబేస్ సర్వర్ లేవలేదు. ఫిన్నీ మళ్లీ ప్రయత్నించాడు. స్క్రీన్ మీద మళ్లీ అదే, పర్మిషన్ డినైడ్.

"మీరు పెట్టిన ఫైళ్లే కదండీ. మీకే పర్మిషన్ లేదా?" అంది లోవలక్ష్మి.

నరసాపురం లేసు సొసైటీలో ఆఫీసు పని ఆమెదే. ఏ డిజైను ఏ ఊళ్లో ఎవరు అల్లుతున్నారో అంతా పాత కంప్యూటర్లో ఉండేది. అది మొరాయించినప్పుడల్లా ఫిన్నీ సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చేవాడు. బాగుచేసి, ఆమె ఇచ్చిన టీ తాగి, పెద్దగా మాట్లాడకుండా వెళ్లేవాడు. కొత్త సర్వర్ నిలబడితే అతనికిక ఇక్కడ పని ఉండదు. పొద్దున్న పంటు ఎక్కినప్పటి నుంచీ అదే ఆలోచన.

తనకి పర్మిషన్ ఉందనీ, సర్వర్‌కే లేదనీ చెప్పాడు. ఫైళ్లన్నీ రూట్ పేరు మీద, అంటే మొత్తం మెషీన్ యజమాని పేరు మీద కాపీ చేశాడు. సర్వర్ నడిచేది వేరే యూజర్ పేరు మీద. పరాయి ఫోల్డర్లో చెయ్యి పెట్టడం దానికి కుదరదు.

విసుగొచ్చి అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చేశాడు. సర్వర్ లేచింది గానీ, ఎవరైనా మార్చగలిగే సెట్టింగుల ఫైలుని నమ్మనని పక్కన పెట్టేసింది.

"దానికి బుద్ధుంది," అని నవ్వింది లోవలక్ష్మి. తెల్ల లేసు అందరి చేతుల్లో పడనివ్వరట. మొదలెట్టిన మనిషే ముగించాలట. మధ్యలో చెయ్యి మారితే అల్లిక బిగువు తేడా కొట్టి తెలిసిపోతుందట. "ఎవరి పని వాళ్లకి అప్పజెప్పేయండి. మీ పేరు మీద ఉంచుకుని ఊరందరికీ తలుపు తీయడం దేనికి?"

ఫైళ్లు సర్వర్ పేరు మీదికి మార్చాడు. మిగతావాళ్లకి మూసేశాడు. ఈసారి శుభ్రంగా లేచింది.

ఇక అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టాలి. పాత మెషీన్‌ది ఎప్పుడూ అతని దగ్గరే ఉండేది. ఇదీ ఉంచుకుంటే, అల్లేవాళ్లలో కొత్త పేరు ఎక్కించాలన్నా ఆమె అతనికి ఫోన్ చేయాల్సిందే. కాసేపు కీబోర్డు వైపు చూసి, కుర్చీ వదిలి లేచాడు.

"మీరే కొట్టండి. నేను చూడను."

బ్యాగు తీసుకుని కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. రేవు వైపు నుంచి వాన వస్తోంది. వెనక కీల చప్పుడు ఆగింది.

"ఇన్నాళ్లూ ఇవ్వలేదు. ఇవాళెందుకు ఇచ్చారు?"

"మీది కదండీ."

ఆమె కుర్చీ అతని వైపు తిప్పింది. "రేపొస్తారా?" అంది.

"రేపేం పాడవదండి."

"తెలుసు. ఏదీ పాడవని రోజున మీరేం మాట్లాడతారో వినాలని ఉంది."

ఫిన్నీ బ్యాగు కింద పెట్టి కూర్చున్నాడు.

"రేపటిదాకా ఎందుకండీ," అన్నాడు.