పై మెట్టు మీద దీపం

మెట్ల మీద దీపం దానంతటదే వెలిగితే పైకి ఎక్కకూడదు. వెనక్కి తిరిగి వచ్చేయాలి. మా కొండ మీద ఏ పిల్లాణ్ణి అడిగినా ఈ మాట చెప్తాడు. ఏ మెట్లు అని అడగక్కర్లేదు... మా ఇంటి మెట్లే.

లియోన్ ఊళ్ళో పాత పట్టు మగ్గాలవాళ్ళ కొండ మాది. ఇక్కడ ఇళ్ళ కడుపులోంచి దారులుంటాయి. కింది వీధిలో ఒక తలుపు తోసుకుని వెళ్తే రాళ్ళ వాకిలి, దాని చుట్టూ మెట్లు, పైన వసారా. ఆ వసారా దాటితే పై వీధిలో ఇంకో తలుపులోంచి బయటపడతాం. పట్టు తానులు వానకి తడవకుండా ఈ దారుల్లోంచే మోసేవారట. నేను ఈ ఇంటికి కావలిమనిషిగా వచ్చేనాటికి మగ్గాలు పోయాయి. 'చప్పుడు చెయ్యకండి, కాపురాలున్నాయి' అనే బోర్డు మాత్రం మిగిలింది.

మెట్ల దీపం సంగతి చెప్పాలి. మీట నొక్కితే వెలుగుతుంది, కాసేపటికి టక్కున ఆరిపోతుంది. ముసలివాళ్ళు, మూటలు మోసేవాళ్ళు మెట్ల మధ్యలో చీకట్లో నిలబడిపోతారు. అందుకని మా ఇంట్లో ఒక మర్యాద ఉండేది. మెట్ల మీద అడుగులు వినపడితే చాలు, ఆ అంతస్తువాళ్ళు తలుపు తీసి మీట నొక్కేవారు. ఎవరని అడగరు. ఎందుకొచ్చావనీ అడగరు. అడుగు వినపడింది, వెలుగివ్వాలి — అంతే.

పై అంతస్తులో ఉండే బెనువాత్ అనే ముసలమ్మ ఈ పనిలో అందరికన్నా ముందట. చేతులకి పిండి అంటుకుని ఉంటే మోచేత్తో నొక్కేదట. నేనామెని చూడలేదు. నేను రాకముందే పోయింది.

ఆమె పోయిన చలికాలంలోనే ఆ ప్రమాదం జరిగింది. డిసెంబరు ఎనిమిది. ఏటా ఆ సాయంత్రం ఊరంతా కిటికీల్లో చిన్న గాజు దీపాలు పెడుతుంది. ఎవరో కుర్రాడు, ఊరు చూపించే పుస్తకం చేత పట్టుకుని ఒక్కడే తిరుగుతున్నాడు. వాకిట్లో దీపాలు పైనుంచి చూద్దామని మా మెట్లెక్కాడు. పై వసారాలో చెక్కలు పుచ్చిపోయాయి. చీకట్లో అడుగు వేశాడు...

బెనువాత్ ఆ రాత్రి నుంచి మంచం దిగలేదట. కొద్ది రోజులకే పోయింది.

ఆ తర్వాత మొదలైంది. మెట్లెక్కుతుంటే, మీట నొక్కకుండానే పై దీపం వెలుగుతుంది. ఒక అంతస్తు ఎక్కితే ఆ పైది. పడిపోయిన కుర్రాడు తోడుకోసం పిలుస్తున్నాడన్నారు. కరెంటు పనివాడొచ్చి, తీగల్లో చెమ్మ చేరిందన్నాడు. అన్నాడే గానీ, మళ్ళీ ఆ మెట్లెక్కమంటే రాలేదు. ఆ మెట్ల వైపు కాపురాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. రెండు తలుపులకీ తాళాలు పడ్డాయి, తాళంచెవులు వాకిలి అవతలి వైపు కాపురాలవాళ్ళ దగ్గరే ఉంటాయి. ఊరు చూపించేవాళ్ళు కూడా మా ఇంటి దగ్గరికొచ్చేసరికి చుట్టూ తిరిగి పొమ్మంటారు.

ఇదంతా సోలాంజ్‌కి తెలియదు.

ఎక్కడో ఉత్తరాన ఉండే ఆడమనిషి. నడివయసు. వాళ్ళ నాన్న క్లోద్యూస్ మా ఇంట్లోనే పుట్టి పెరిగి, పెళ్ళికి ముందే ఊరు వదిలిపోయాడు. ఇప్పుడు ముసలాయనకి మతి చెదిరింది. కన్నకూతుర్ని ఆస్పత్రి నర్సనుకుని 'నర్సమ్మా' అని పిలుస్తున్నాడు. పుట్టిన వీధి చూస్తే కూతురి పేరు గుర్తుకొస్తుందేమోనని సోలాంజ్ ఆయన్ని తీసుకొచ్చింది. అది కూడా డిసెంబరు ఎనిమిదినే.

అప్పటికింకా చేతుల్లో ఫోన్లు లేవు. ఊరు చూసేవాళ్ళకి మెడలో వేసుకునే టేపు పెట్టె అద్దెకిచ్చేవారు. ఇయర్‌ఫోన్లు చెవులకి పెట్టుకుంటే, ఒక మగ గొంతు ఇటు తిరగండి, అటు చూడండి అని చెప్తుంది. దాని వెంట మనమే నడుచుకుంటూ పోవాలి.

"ఇదేంటి నర్సమ్మా," అన్నాడట క్లోద్యూస్, "నా వీధి నాకు ఆ పెట్టె చూపిస్తుందా? అది పుట్టకముందే నేనిక్కడ ముక్కు తుడుచుకుంటూ తిరిగాను."

"నీకు కాదులే నాన్నా, నాకు. నువ్వు చెప్పవుగా!"

"అడిగితే చెప్పనా?"

"ఏ వీధి ఇది, చెప్పు చూద్దాం."

ఆయన చాలాసేపు చూశాడట. తర్వాత గళ్ళ టోపీ సర్దుకుని, "పెట్టెనే అడుగు," అన్నాడట.

ఇద్దరూ నవ్వుకున్నారు. సాయంత్రమే చీకటిపడే రోజులు. మా తలుపు ముందుకొచ్చేసరికి టేపు గొంతు, 'ఇక్కడ ఎడమకి తిరగండి, ఇల్లు చుట్టి పై వీధికి రండి' అంది. సోలాంజ్ తలెత్తి గుమ్మం మీది రాతి సింహం వైపు చూస్తూ ఆ గొంతు చెప్పేది వింటోంది. చెవులు మూసి ఉన్నాయి. పక్కన చేతికర్ర చప్పుడు ఆగిపోయిందని తెలియలేదు.

తల దించేసరికి... నాన్న లేడు.

వీధి ఈ చివరికి పరుగెత్తింది. ఆ చివరికి పరుగెత్తింది. పొగలు కక్కే వైను గ్లాసులు పట్టుకుని జనం నిలబడున్నారు. ఎవరూ చూడలేదు. చలి ఎముకల్లోకి దిగుతోంది. ఆయన పై కోటు చూస్తే ఆమె చేతి మీదే ఉంది.

మూలన చెస్ట్‌నట్లు కాల్చి అమ్మే గస్తోన్ పిలిచాడు.

"గళ్ళ టోపీ ఆయన కోసమా మేడం? ఆ తలుపులోకి పోయాడు."

"దానికి తాళం ఉందని టేపులో చెప్పారుగా!"

"నేనూ అదే అనుకున్నా. తలుపుకున్న ఇనప ఉంగరం పట్టి పైకెత్తి, మోకాలితో ఒక్కటిచ్చాడు. అత్తారింటికొచ్చినట్టు లోపలికెళ్ళిపోయాడు."

మా ఇంట్లో పుట్టిన పిల్లలకే తెలిసిన కిటుకది. నాకే ఆ రోజు వరకూ తెలియదు. పాపం, పేర్లన్నీ మర్చిపోయినాయన మోకాలు మాత్రం ఏదీ మర్చిపోలేదు.

"మేడం, ఒక్క మాట..." గస్తోన్ గొంతు తగ్గించాడు. "లోపల దీపం దానంతటదే వెలిగితే పైకెక్కకండి."

"ఏమిటీ పిచ్చిమాట! మీరు కూడా రాకూడదూ?"

గస్తోన్ పొయ్యిలోకి చూశాడు. "గింజలు మాడిపోతాయి మేడం..."

సోలాంజ్ ఇయర్‌ఫోన్లు మెడ మీదికి లాక్కుని, ఓరగా ఉన్న తలుపు తోసుకుని లోపలికి పోయింది.

చీకటి. తడి రాయి వాసన. వాకిలి అవతల కాపురాలున్న వైపు కిటికీల్లో గాజు దీపాలు మినుకుమంటున్నాయి గానీ, ఆ వెలుగు మెట్లదాకా రావడం లేదు. గోడ తడిమి మీట నొక్కింది. వెలగలేదు. మళ్ళీ నొక్కింది. లేదు.

"నాన్నా..."

చెవి ఒగ్గి వింది.

మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

టక్.

పైన దీపం వెలిగింది.

ఆ వెలుగులో మెట్టు మీద గళ్ళ టోపీ కనపడింది. పైన ఉన్నాడు, నాన్నే నొక్కుతున్నాడు! టోపీ తీసుకుని గబగబా ఎక్కింది. మలుపు తిరిగేసరికి దీపం ఆరిపోయింది.

చీకట్లో నిలబడింది. అడుగు వేసింది.

టక్... ఇంకో అంతస్తు పైన.

"నాన్నా, పలుకు! నేనే!"

దగ్గు లేదు. కర్ర చప్పుడు లేదు. ఇళ్ళ తలుపులన్నిటికీ అడ్డచెక్కలు కొట్టి ఉన్నాయి. అప్పుడు గస్తోన్ మాట గుర్తొచ్చింది. వెనక్కి చూస్తే కింద నల్లటి గొయ్యి. పైకి చూస్తే పసుప్పచ్చటి వెలుగు... ఆమె కోసమే ఆగినట్టు.

అది నాన్నైతే ఎలా వదిలి పోతుంది? నాన్న కాకపోతే... నాన్న ఎక్కడ?

ఎక్కింది. దీపం ఆరడం, అడుగు పడగానే ఆ పైది వెలగడం. ఆమె ఆగితే అదీ ఆగుతుంది. ఆమె కదిలితే అదీ కదులుతుంది. కోటు గుండెలకి హత్తుకుని ఎక్కానని చెప్పింది నాతో.

చివరి మలుపు తిరిగాక దీపం ఆరింది. ఈసారి వెంటనే వెలగలేదు.

ముందు చల్లటి గాలి తగిలింది. వసారా కాబోలు. అవతల పై వీధి తలుపు. నాన్న అటే పోయుంటాడు... అంతలో ఆమె మెడ దగ్గర ఎవరో గుసగుసగా మాట్లాడారు.

'ముందుకు రండి...'

సోలాంజ్ మెడ తడుముకుంది. తర్వాత తెలిసింది. టేపు! ఆపడం మర్చిపోయింది. ఎక్కడో కొండ మీది తోట దగ్గర వినాల్సిన మాటలు ఇక్కడ పలుకుతున్నాయి.

'ఇంకొంచెం ముందుకు రండి... భయం లేదు... ఇక్కణ్ణుంచి ఊరంతా మీ కాళ్ళ కింద కనిపిస్తుంది...'

"నాన్నా," అంటూ చీకట్లోకి కాలు చాపింది.

టక్.

ఈసారి దీపం సరిగ్గా నెత్తి మీదే వెలిగింది. కళ్ళు మూసుకునేంత వెలుగు. కాలు గాల్లోనే ఆగింది.

కాలి కింద ఏమీ లేదు.

వసారా లేదు. విరిగిన చెక్క ముక్క ఒకటి వేలాడుతోంది. అడ్డంగా కొట్టిన పలకలు ఎప్పుడో ఊడి పడ్డాయి. ఎక్కడో కింద, రాళ్ళ వాకిట్లో, ఎదుటి కిటికీల దీపాలు తడి రాళ్ళ మీద మెరుస్తున్నాయి.

"సోలాంజ్."

వెనకనుంచి... నాన్న గొంతు.

"ఇటు రా సోలాంజ్. అటు పోతే అత్త తిడుతుంది."

గోడలో ఉన్న రాతి అరుగు మీద, మోకాళ్ళు దగ్గరకి ముడుచుకుని, బుద్ధిగా చెప్పిన మాట విన్న పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు క్లోద్యూస్.

వాళ్ళు కిందికి దిగేవేళకి నేను వీధివైపు కిటికీల్లో దీపాలన్నీ వెలిగించి గదిలోకొచ్చాను. అప్పుడే తలుపు తట్టారు. తీస్తే ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని నిలబడున్నారు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఉల్లిపాయ సూపు వేడిచేసి ఇచ్చాను. సోలాంజ్ పళ్ళు గిన్నెకి తగిలి చప్పుడవుతుంటే, ఇదంతా ముక్కముక్కలుగా చెప్పింది.

"అన్నిసార్లు పిలిచానే నాన్నా, పలకవేం?"

"అరవకూడదుగా. చప్పుడు చెయ్యొద్దని రాసుంది," అన్నాడాయన, ఇంతమాత్రం తెలియదా అన్నట్టు. "నేనూ వసారా దాటబోయాను. బెనువాత్ అత్త దీపం వేసి, 'ఒరే మొద్దూ, కదిలావంటే చెవి మెలేస్తాను, కూర్చో అక్కడ' అంది. కూర్చున్నాను."

"ఆవిడెవరు నాన్నా?"

"పై ఇంటి అత్త. చేతులకి పిండి. ఎప్పుడూ మోచేత్తోనే నొక్కుతుంది."

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

సోలాంజ్ నావైపు తిరిగింది. "ఆ ఇంట్లో ఎవరున్నారో గానీ అమ్మా, నా తరఫున దణ్ణం పెట్టండి. కిందికి దిగేటప్పుడు కూడా ప్రతి అంతస్తులో దీపం వేశారు. కింది మీట మాత్రం బాగుచేయించండి, ఎంత నొక్కినా వెలగలేదు."

"వెలగదమ్మా," అన్నాను.

నా చెయ్యి దానంతటదే ఆప్రాన్ జేబులోకి పోయింది. కరెంటు పెట్టె తాళంచెవి అక్కడే ఉంది.

ఏటా డిసెంబరు ఎనిమిదో తేదీ చీకటి పడగానే మెట్ల కరెంటు మెయిను దించి, పెట్టెకి తాళం వేస్తాం. వాకిట్లో కిటికీ దీపాలే వెలగాలని మా ఇంటి ఆచారం. దారికి తాళం ఉంది కదా అని, ఆ ప్రమాదం తర్వాత కూడా మానలేదు. ఆ సాయంత్రం దించింది నేనే. ఆ కుర్రాడు పడ్డనాడు కూడా, నాకన్నా ముందున్న కావలివాడు అలాగే దించాడు. అడుగులు విని బెనువాత్ మీట నొక్కింది. నొక్కుతూనే ఉంది... వెలగలేదు.

మేమంతా ఆ కుర్రాడు పిలుస్తున్నాడనుకున్నాం. ఎన్నేళ్ళు ఆ వెలుగుని చూసి పారిపోయామో!

వాళ్ళని పొయ్యి దగ్గరే ఉంచి, ఒక గాజు దీపం పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాను. పెట్టెకి వేసిన తాళం వేసినట్టే ఉంది. తీసి చూశాను. మెయిను కిందికే ఉంది.

మెట్ల వైపు నడిచాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.

టక్.

పైన... చిట్టచివరి మలుపులో.

"చాలమ్మా బెనువాత్," అన్నాను. "కనపడుతోంది. వాళ్ళిద్దరూ బాగానే ఉన్నారు."

కాసేపు అలాగే వెలిగింది.

తర్వాత, మా ఇంటి దీపం ఎప్పుడూ అలా ఆరదు, టక్కుమనకుండా... ఎవరో నిట్టూర్చినట్టు, మెల్లగా ఆరిపోయింది.