పెరటి గోడ దాకా

ఆ పొద్దున దత్తాత్రేయులు మాస్టారింట్లో శ్రుతిపెట్టె మోగలేదు. పాలు పోసే రావమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"మాస్టారికి ఒంట్లో బాగాలేదా అండీ?"

"బాగానే ఉన్నారు," అంటూ మాస్టారి భార్య శ్యామలాంబ గిన్నె అందుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఏం బాగు! ముందురోజు సాయంత్రం ఆయన వీధి వీధంతటినీ వెంటేసుకుని కూతురు అనఘ మొదటి సినిమాకి వెళ్ళారు. ఆమెకు సంగీతం నేర్పింది ఆయనే, నాటక పోటీలకు తిప్పింది ఆయనే. సినిమా అనగానే మొహం చాటేసి ఏడాది మాట్లాడనిదీ ఆయనే. "నా గొంతు రాష్ట్రమంతా వింటుంది నాన్నా" అని అనఘ బతిమాలితే చివరికి కరిగారు. తీరా తెర మీద అనఘ నోరు విప్పితే, వచ్చిన గొంతు ఇంకెవరిదో.

మాస్టారు కాఫీ ముట్టలేదు. "ఎవరా అమ్మాయి?" అని అనఘని అడిగారు.

"డబ్బింగ్ చెప్పే అమ్మాయి నాన్నా."

"నీకు ముందే తెలుసా? మరి నన్నెందుకు వెళ్ళనిచ్చావు? అందర్నీ నేనే పిలిచానే!"

"చెబితే మళ్ళీ మాట్లాడరేమోనని భయమేసింది."

"నీ గొంతు కోసం నా ప్రాణం పెట్టాను. పారేసుకుని వచ్చావా?"

అనఘకు దుఃఖం ఆగలేదు. "నాది స్టేజీ గొంతట నాన్నా. మైకు మూతి దగ్గరుంటే ఊరంతటికీ చాటింపు వేస్తావేంటని స్టూడియోలో అందరూ నవ్వారు. తగ్గించాను. తగ్గించి తగ్గించి... ఇప్పుడు పై షడ్జం అందట్లేదు. వాళ్ళకీ పనికిరాలేదు, మీకూ మిగల్లేదు."

చిన్నప్పుడు మాస్టారే ఆమెను వెనక వసారాలో నిలబెట్టి, తను పెరటి గోడ దగ్గరికి పోయి, "వినపడట్లేదు! చివరి వరుసలో వాడికీ వినపడాలి!" అని అరిచేవారు. పిల్ల పొట్ట నొప్పెట్టేదాకా వదిలేవారు కాదు.

ఆయన లేచి పెరటి గోడ దాకా నడిచారు. అనఘ అలవాటు కొద్దీ వసారాలో నిలబడి పాట ఎత్తుకుంది. గొంతు జీరపోయింది. మళ్ళీ ఎత్తుకుంది. మాస్టారు చెవికి చెయ్యి ఆనించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఆయనకేమీ వినపడలేదని అనఘకు అర్థమైంది.

ఆయన మెల్లగా తిరిగొచ్చారు. శ్రుతిపెట్టె తెచ్చి, కూతురి మోకాలికి మోకాలు తగిలేలా స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఇక్కడికి వినపడితే చాలు తల్లీ," అన్నారు.

శ్రుతి మోగుతూనే ఉంది. అనఘ ఎంతకీ పాడలేకపోయింది. ఆయన లేవలేదు.