తిరగేసి పెట్టిన ఫొటో

కిందటేడు జూలై తొమ్మిది, బుధవారం. ఆ పొద్దున కొమురవ్వ సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుగున అద్ది, వేలితో చిల్లులు పెట్టి కాల్చింది. భర్త పరమేశ్వర్ రెండు తిన్నాడు. మూడోది కోడలికని మూత పెట్టింది. మాడిన అంచు మాత్రం తనే తిన్నది. మాడిన అంచు ఎప్పుడూ ఆమె వాటాయే. సాయంత్రం నాలుగింటికి చీరకు మెరుపు రాళ్లు అతికిస్తూ అతికిస్తూ గోడకు ఒరిగింది. మళ్లీ లేవలేదు.

ఏడాది కావస్తున్నా, ఆ రోజు తలుచుకుంటే పరమేశ్వర్‌కు ముందుగా గుర్తొచ్చేది ఆ నువ్వుల రుచే. అంత పెద్ద దుఃఖంలోంచి అంత చిన్న రుచి తనకోసం మిగిలిందంటే, అదీ ఒక దయేనని ఆయన అనుకుంటాడు.

ఇప్పుడు మళ్లీ జూలై. సూరత్‌లోని డిండోలిలో సన్నగా వాన పడుతోంది. తిథి ప్రకారం సంవత్సరీకం ఆదివారం వచ్చింది. ఈ రోజు శుక్రవారం. కొడుకు శ్యాంసుందర్ పొద్దున ఏడింటి షిఫ్టుకు మిల్లుకు వెళ్లిపోయాడు. కోడలు సంధ్యారాణి గిన్నెలు తోమేసి, చేతులు కొంగుకు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. పిల్లల బారసాలలకు, పుట్టినరోజులకు ఆమె ట్యాగులు, అంటే ఫోన్లో పంపే బొమ్మల కార్డులు, చేసి ఇస్తుంది. ఈసారి ఇంటి పనే. అత్తగారి సంవత్సరీకానికి చుట్టాలందరి ఫోన్లకు పంపే ట్యాగు.

పరమేశ్వర్ చాయ్ గ్లాసు పట్టుకుని వెనక నిలబడ్డాడు. కరీంనగర్ కాలేజీలో బి.ఏ. చదివి, సూరత్ వచ్చి, ముప్ఫయ్యేళ్లు జకార్డ్ మగ్గాలకు కార్డులు కొట్టిన మనిషి ఆయన. గీతల కాగితం మీద పువ్వు వేసి, ఆ పువ్వును అట్టల మీద చిల్లులుగా మార్చడం ఆయన పని. ఆ పనిని కంప్యూటర్లు తీసేసుకున్నాక ఆయన ఇంట్లో కూర్చున్నాడు. కంప్యూటర్ మీద కోపం మాత్రం లేదు. అది పువ్వును ఎట్లా చేస్తుందో చూడాలనే ఉంటుంది.

“దీన్ని ట్యాగంటరా? ట్యాగంటే చీర డబ్బాకు దారం కట్టి ఏలాడేసేది గదా” అన్నాడు.

“గదే మామయ్యా. కాకపోతే దీనికి దారం కూడా బొమ్మదే.”

నిజమే. అంచులు చిరిగినట్టున్న పాత కాగితం, దాని మీద లేసు, లేసు మీద చెక్క ఫ్రేము, మూలకు ఎండిన పువ్వు, పైన చిల్లులోంచి దూర్చిన రిబ్బను. అన్నీ చేత్తో కత్తిరించి అతికించినట్టే ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో పొర మీద ఉంటుందని, కింది పొర పైదానికి అడ్డం రాదని సంధ్య చెప్పింది. పడుగు ఒకటే ఉండగా పేకలు మార్చినట్టన్న మాట అనుకున్నాడు పరమేశ్వర్. పువ్వు కింద ఆమె సన్నటి నీడ వేస్తుంటే, ఎందుకని అడిగాడు.

“నీడ లేకుంటే అచ్చు గుద్దినట్టుంటది. నీడ ఉంటేనే అతికించినట్టుంటది. అన్ని నీడలూ ఒక్క దిక్కే పడాలె, మామయ్యా. లేకుంటే అబద్ధమని తెలిసిపోతది.”

ఆ మాట ఆయనకు భలే నచ్చింది. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

ఫ్రేములో కొమురవ్వ ఉంది. పక్కింటి పెళ్లిలో తీసిన ఫొటో అది. ఆకుపచ్చ చీర, కుడి ముక్కుకు పుల్ల, ఎవరో ఏదో అన్నదానికి నవ్వబోతూ ఆపుకున్న మొహం. అయితే భుజం దగ్గర చీర రంగు కొంచెం మసకగా, పూసినట్టుగా ఉంది. పరమేశ్వర్ కళ్లద్దాలు సర్దుకుని పక్కనున్న పొరల జాబితా చదివాడు. కాగితం. లేసు. ఫ్రేము. అత్తమ్మ. దాని పైన ఇంకో పేరు ఉంది: చెయ్యి.

“ఈ చెయ్యేంది బిడ్డా? ఎక్కడా కనపడ్తలేదు.”

సంధ్య మెల్లగా చెప్పింది. ఆ ఫొటోలో ఆడబిడ్డ లత వాళ్లమ్మ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. లత చెయ్యి కూడా కనపడొద్దని శ్యాంసుందర్ గట్టిగా చెప్పి వెళ్లాడు.

“తీసేసినవా మరి?”

“తీసెయ్యలే. కనపడకుండ పెట్టిన. తీసేస్తే పోతది. గిట్ల పెడితే ఉంటది. ఎప్పుడు నొక్కినా మళ్ల వస్తది.”

నొక్కింది. కొమురవ్వ భుజం మీదికి గాజుల చెయ్యి వచ్చి కూర్చుంది. మసక మరక పోయింది. పరమేశ్వర్ కోడలి వైపు చూశాడు. మొగుడి మాట కాదనకుండా, ఆడబిడ్డ చెయ్యి తెగ్గొట్టకుండా ఈ పిల్ల మధ్యలో ఇంత చిన్న చోటు వెతుక్కుంది. అది చూసి ఆయనకు తన మీద తనకు సిగ్గేసింది.

లత ఆయన కూతురు. అదే ఊళ్లో, భేస్తాన్‌లో ఒక చిన్న దవాఖానాలో పని చేస్తుంది. భర్త మల్లేష్‌ది మగ్గాల పని. కొమురవ్వ పోయిన సాయంత్రం ఇంట్లో ఉన్నది పరమేశ్వర్, సంధ్య, పరుగున వచ్చిన లత. శ్యాంసుందర్ స్నేహితుడి పెళ్లికని సిరిసిల్ల వెళ్లి ఉన్నాడు. కొమురవ్వ కళ్లు దానం చేశారు. కొన్ని గంటల్లోనే చేయాలన్నారు, చేశారు. మర్నాడు రైలు దిగి వచ్చిన శ్యాంసుందర్‌కు ఆ సంగతి గల్లీలో ఎవరో చెప్పారు. ఇంట్లోకి వచ్చి ఒక్కటే అడిగాడు, ఒప్పుకున్నదెవరని. లత నేనే అంది. నా గడప తొక్కకు అన్నాడు అన్న. ఆమె తొక్కలేదు.

లత నేనే అన్నప్పుడు పరమేశ్వర్ పక్కనే ఉన్నాడు. ఆయనకు తెలిసిన మాట ఇంకొకటి ఉంది. దాన్ని ఆయన ఏడాదిగా కనపడకుండా పెట్టాడు.

“ఈ ట్యాగు నేను చేస్త, సంధ్యా. నువ్వు చూపియ్యి” అన్నాడు.

సంధ్య ఆశ్చర్యపోయింది కానీ కుర్చీ ఇచ్చింది. ఆ పగలంతా ఇంట్లో వింత పాఠశాల నడిచింది. మౌసు ఆయన చేతిలో చేపలా జారింది. ఫ్రేము మాయమైంది, పువ్వు కొమురవ్వ నెత్తి మీదికి వచ్చింది, రిబ్బను తెరంతా పాకింది. అప్పుడు సంధ్య, చేసింది చేయనట్టు చేసే మీట చూపించింది. ఆయన దాన్ని నాలుగుసార్లు నొక్కి, నాలుగు తప్పులూ వెనక్కి పోతుంటే చిన్నపిల్లవాడిలా చూశాడు. అట్టలో తప్పు చిల్లు పడితే కాగితం ముక్క అతికించి, ఆరాక మళ్లీ కొట్టేవాళ్లమని చెప్పాడు. ఆ ముక్క ఎన్నేళ్లయినా వేలికి తగులుతూనే ఉండేదట.

మధ్యాహ్నం సంధ్య వంటింట్లో ఉండగా ఒక్కడే కూర్చుని చేశాడు. కాగితం మార్చి కొమురవ్వకు ఇష్టమైన పసుపురంగు పెట్టాడు. నీడలన్నీ ఒకే దిక్కుకు తిప్పాడు. చెయ్యి పొరను తెరిచే ఉంచాడు. కింద పేర్లు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. పరమేశ్వర్. శ్యాంసుందర్, సంధ్యారాణి. తర్వాత వేలు గాలిలో ఆగింది. వాన చప్పుడు వింటూ కాసేపు కూర్చుని, లత, మల్లేష్ అని కూడా కొట్టాడు.

ఏడున్నరకు శ్యాంసుందర్ వచ్చాడు. కాళ్లు కడుక్కుని చాయ్ తీసుకుని, బాపు చేశాడంట అని భార్య చెబితే కంప్యూటర్ మీదికి వంగాడు.

“బాగనే ఉన్నది” అన్నాడు. మళ్లీ చూసి కనుబొమ్మలు ముడిచాడు. “అమ్మ మొఖమేంది, ఎట్లనో ఉన్నది? ముక్కుపుల్ల గీ దిక్కుకు పోయిందేంది?”

పరమేశ్వర్ నుదురు కొట్టుకున్నాడు. మగ్గం మీద చీరను బోర్లా నేస్తారు. ఎదురు కిందికి, వెనక పైకి ఉంటుంది. అందుకే కార్డు కొట్టేవాడు పువ్వు నక్షాను తిరగేసుకుని కొడతాడు. ముప్ఫయ్యేళ్ల చేతివాటం. ఫ్రేములో పెట్టేటప్పుడు కొమురవ్వను కూడా తిరగేసేశాడు.

“బాపు రిటైరైండు గానీ చేతులింక కార్ఖానాలనే ఉన్నయి” అన్నాడు శ్యాంసుందర్. ఏడాదిలో ఆ ఇంట్లో అతను నవ్వడం అదే మొదటిసారి. సంధ్య కూడా నవ్వుతూ ఫొటోను సరిగ్గా తిప్పింది. పుల్ల కుడి ముక్కుకు వచ్చింది. భుజం మీది చెయ్యి కూడా పక్కకు మారింది. అప్పుడు చూశాడు శ్యాంసుందర్. ఆపైన కిందనున్న పేర్లు చదివాడు. గ్లాసు బల్ల మీద పెట్టి భార్య వైపు తిరిగాడు.

“నీకు పొద్దుగాల చెప్పిన్నా, లేదా?”

“దాన్ననకు. నేను పెట్టిన” అన్నాడు పరమేశ్వర్.

“పేరు కూడా రాసినవా?”

“నా బిడ్డ పేరు నేను రాయొద్దా?”

“అమ్మ కండ్లు తీపిచ్చిన బిడ్డ. నేను రైలు దిగేదాక ఆగలే. నన్నొక్క మాట అడగలే.” శ్యాంసుందర్ తన అరచెయ్యి చూసుకున్నాడు. “అందరి అమ్మలు కండ్లు మూసుకుని పోతరు బాపు. నేను ఆ మూసిన కండ్లు ముట్టుకుందామంటే నా చెయ్యి లేవలే. నీకు తెలుసా అది?”

పరమేశ్వర్‌కు అది తెలియదు. కోపమనుకున్నాడు ఇన్నాళ్లూ. లేచి బీరువా తెరిచి, ఆకుపచ్చ చీర మడతలోంచి ఒక కాగితం తీసి కొడుకు చేతిలో పెట్టాడు. కళ్లు ఇచ్చినప్పుడు రాసిచ్చిన అంగీకార పత్రం నకలు.

“కింద సంతకం చదువు.”

శ్యాంసుందర్ చదివాడు. తెలుగులో, గుండ్రంగా, ప్రతి అక్షరం విడివిడిగా పెట్టే ఆ సంతకం తన బడి ప్రోగ్రెస్ కార్డుల మీద పదేళ్లు చూసిందే.

“ఇది నీది.”

“నాదే. మీ అమ్మ నాతోని చెప్పింది, లతతోని చెప్పింది. అద్దాలు లేకుండ సూదిల దారం ఎక్కిచ్చే కండ్లు, కాల్చుడెందుకయ్యా, ఎవలకన్న పనికస్తయి అన్నది. లత దవాఖానోళ్లను పిలిచింది, అంతే. చెయ్యి పెట్టింది నేను.”

“మరి అది నేనే అన్నది గదా.”

“అన్నది. అని నా దిక్కు చూసింది. నేను తల కిందికేసుకున్న. నీతోని ఒక్క కప్పు కింద బతకవలసినోణ్ని నేను గదా, అది ఆలోచన జేసి తన మీదేసుకున్నది. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట యాడాది చేసిన.”

శ్యాంసుందర్ కాగితం మడిచాడు. మడిచింది మళ్లీ విప్పాడు. “రాఖీ నాడు వాకిట్లకొచ్చి నిలబడ్డది” అన్నాడు. “వానల. దాని మొఖం మీద తలుపేసిన. నువ్వు లోపల టీవీ చూసుకుంట కూసున్నవ్.”

“టీవీ బంద్ ఉండెరా” అన్నాడు పరమేశ్వర్. “బంద్ టీవీనే చూసుకుంట కూసున్న.”

సంధ్య చీర కొంగుతో తెర మీద లేని దుమ్ము తుడిచింది. శ్యాంసుందర్ అరుస్తాడని, లేదా లేచి బయటికి పోతాడని పరమేశ్వర్ ఎదురుచూశాడు. పోతే పోనీ, ఈసారి నిజం విని పోతాడు అనుకున్నాడు. కానీ అతను తెర మీద తల్లినే చూస్తున్నాడు.

“సంధ్యా, బాపు పెట్టినట్టే మళ్ల తిప్పు.”

“తిప్పితే ముక్కుపుల్ల ఎడమకు పోతది. చుట్టాలు అడుగుతరు.”

“అడగనీ.”

తిప్పింది. అతను ముందుకు వంగాడు.

“ఈ మొఖం నాకెరుకే” అన్నాడు. “పొద్దుగాల అద్దం ముందర బొట్టు పెట్టుకుంటుంటే, బడికి పైసలియ్యమని ఎనుక నిలబడేటోన్ని. అద్దంల అమ్మ గిట్లనే ఉండేది. తన కండ్లతోని తను చూసుకున్న మొఖం ఇదే గదా బాపు.”

పరమేశ్వర్ తల ఊపాడు. కొడుకు మొహం మీద నీళ్లు కారుతున్నాయి, అతను తుడుచుకోవడం లేదు. ఇద్దరికి చూపొచ్చిందని లత ఒకసారి ఫోన్‌లో చెప్పిన మాట కూడా ఆయన అప్పుడే చెప్పాడు. వాళ్లెవరో తెలియదు, తెలియజేయరు. శ్యాంసుందర్ విన్నాడు. ఇద్దరా అని మాత్రం అడిగాడు.

తర్వాత మేకుకు వేలాడుతున్న రెయిన్ కోటు తీసుకున్నాడు. చెల్లె డ్యూటీ ఎన్నింటికి అయిపోతదని భార్యను అడిగాడు. సంధ్యకు తెలుసు. ఆ సంగతి ఆమెకెట్లా తెలుసని అతను అడగలేదు. బండి చప్పుడు గల్లీ చివరదాకా వెళ్లి వానలో కలిసిపోయింది.

సంధ్య బియ్యప్పిండి తడిపింది. నువ్వులెక్కడున్నాయని మామగారు అడిగితే, డబ్బా చూపించి కూర్చోమంది. ఆయన కూర్చోకుండా పల్లీలు పలుకులు చేసి ఇచ్చాడు.

రెండు సర్వపిండ్లు కాలేసరికి బండి వచ్చింది. లత వాకిట్లో చెప్పులు విడిచి గడప ముందు ఒక్క క్షణం ఆగింది. శ్యాంసుందర్ వెనకనుంచి, తడుస్తున్నవ్, నడువ్ అన్నాడు. దారిలో అన్నాచెల్లెళ్లు ఏం మాట్లాడుకున్నారో ఎవరూ అడగలేదు. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

పరమేశ్వర్ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, “నన్ను మన్నించు బిడ్డా” అన్నాడు.

“ఆకలైతున్నది బాపు” అంది లత. అంతకంటే పెద్ద మన్నింపు ఆయన ఎన్నడూ వినలేదు.

తెర మీది ట్యాగును ఆమె చాలాసేపు చూసింది. అమ్మ అద్దంలో ఉన్నట్టుందే అంది. ఎవరూ ఆమెకు చెప్పకముందే. తినేటప్పుడు మూడో సర్వపిండి అంచు మాడింది. సంధ్య దాన్ని తీసి పారేయబోతే, లత చెయ్యి చాపి తన పళ్లెంలో వేసుకుంది.

మల్లేష్ రాత్రి షిఫ్టులో ఉన్నాడు కాబట్టి లత ఈ పూటకు ఉండిపోతానంది. సంధ్య చాప పరిచింది. ట్యాగు అప్పటికే చుట్టాల ఫోన్లకు వెళ్లిపోయింది. ముక్కుపుల్ల సంగతి ఒక మేనత్త అప్పుడే అడిగింది కూడా.

శ్యాంసుందర్ వాకిట్లోకి వెళ్లాడు. వాన జల్లు గడపదాకా కొడుతోంది. తడిసిన చెల్లెలి చెప్పులు రెండూ చేత్తో తీసి, నీళ్లు దులిపి, లోపల తన చెప్పుల పక్కన పెట్టాడు. తర్వాత, నిద్రపోతున్నవాళ్లు లేవకూడదన్నట్టుగా, తలుపు మెల్లగా దగ్గరికి వేసి గడియ పెట్టాడు.