పసుపు గేటు దాకా బాగానే వచ్చింది

"ఈ మిషన్ మీద నడుస్తూ మాట్లాడాలి. మాట ఎక్కడ ఆగిపోతే అక్కడి వేగాన్ని బట్టి మీ దమ్ము ఎంతో లెక్కేస్తాను," అంది దామి.

"ఏం మాట్లాడాలండీ?"

"నోటికొచ్చింది. పొద్దున ఒకాయన పాట పాడాడు, ఆయన కంటే మేమే అలిసిపోయాం. మీరు పోస్ట్‌మ్యాన్ కదా సొక్‌హో గారూ, రోజూ తిరిగే ఇళ్లు వరసగా చెప్పండి."

మా రేవు ఊరు టోంగ్యోంగ్‌లో కొండ మీది మెట్ల వీధులన్నీ నావే. ఈ ఆరోగ్య కేంద్రంలో దమ్ము తక్కువని తేలితే, వాటిని ఇంకొకరికిచ్చి నన్ను రేవు పక్క బజారుకు వేస్తారు. బజారు చదునుగా ఉంటుంది, కాళ్లకు సుఖం. కానీ దామి వాళ్ల ఇల్లు మెట్ల వీధిలో ఉంది. అందుకే నాకా సుఖం వద్దు.

మిషన్ కదిలింది.

"వలలు కుట్టే ఓక్ గారిల్లు. కుక్క ఉన్న ఇల్లు. కుక్క లేకపోయినా అరుపులు వినిపించే ఇల్లు. మూతపడ్డ సెలూన్. పసుపు గేటు..."

నోరు పడిపోయింది.

"ఇది షికారు నడకండీ. అప్పుడే ఆయాసమా? మళ్లీ మొదటి నుంచి," అని దామి వేగం పెంచింది.

ఓక్ గారు, కుక్క, అరుపులు, సెలూన్ హాయిగా వెళ్లిపోయాయి. పసుపు గేటు దగ్గర మళ్లీ మౌనం.

మూడోసారి పరుగే పెట్టించింది. చెమటలు కక్కుతూ కూడా నాలుగిళ్లూ గడగడా అప్పజెప్పాను. అయిదో ఇంటి దగ్గర నోరు మొరాయించింది.

దామి మిషన్ ఆపేసింది.

"దమ్ము అయిపోతే వేగాన్ని బట్టి అయిపోవాలి. అడ్రసును బట్టి కాదు. అది మా ఇల్లు."

"అవునండీ."

"మా అమ్మమ్మ ఏమైనా అందా?"

"లేదండీ. రోజూ యూజా నిమ్మపండు టీ ఇస్తారు. టీ కోసమే ఆగుతున్నాననుకుంటారు."

"కాదా?"

మిషన్ ఆగిపోయి ఉంది. ఆయాసం మీదికి నెట్టేయడానికి వీల్లేదు.

"మీరంటే ఇష్టమండీ. ఆ వీధి పోతే ఇది చెప్పే దారి కూడా పోతుంది."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మొహం మాత్రం ఆఫీసు మొహమే.

"ఈ పరీక్ష చెల్లదు," అంది. నా ప్రాణం ఉసూరుమంది. "పరీక్ష పెట్టేవాళ్ల ఇల్లు మధ్యలో రాకూడదు. రేపు ఇక్కడే పనిచేసే చ్వే గారు పెడతారు. ఆయన ఇల్లు మీ దారిలో లేదు, పాసవుతారు."

"ఆ తర్వాతండీ?"

"ఆదివారం వచ్చి బెల్లు కొట్టండి."

"ఆదివారం పోస్టు ఉండదండీ," అన్నాను అలవాటు కొద్దీ.

"నాకు తెలుసు," అంది దామి.