ముసుగు కింది కారు

బిషాన్ అవతల ఉన్న ఆ పాత గోదాం బేస్‌మెంట్‌కి చీకటిపడ్డాక ఒంటరిగా ఎవరూ దిగరు. సింగపూర్‌లో మనుషులకే కారు నిలుపుకునే చోటు దొరక్క చస్తుంటే, అక్కడ ఒక దెయ్యం దర్జాగా ఒక మూలంతా ఆక్రమించుకుందని చెప్పుకునేవారు. ముసుగు కప్పిన ఒక కారు… దాని లోపలినుంచి సుత్తి చప్పుడు. ఇద్దరు వాచ్‌మన్లు చెప్పాపెట్టకుండా పారిపోయారు.

మూడోవాడు వీరాస్వామి. ఆయన మాత్రం కోరి మరీ చేరాడు.

ఎందుకంటే అది ఆషామాషీ కారు కాదు. పందొమ్మిది వందల యాభైల్లో ఒక దొర ముచ్చటపడి ఇక్కడే చేయించిన స్పోర్ట్స్ కారు. ఒక్కటంటే ఒక్కటే తయారైంది, ఒక్క ఎగ్జిబిషన్‌లో మెరిసింది, అంతే. దాని రేకుల్ని సుత్తితో కొట్టి ఒంపులు తీర్చింది వీరాస్వామి తండ్రి మారయ్య. ఎగ్జిబిషన్ రోజు ఆ మారయ్యనే గేటు దగ్గర ఆపేశారు. "ఒక్కసారి అందులో కూర్చుంటే చాలురా…" అంటూ అంటూనే పోయాడు మనిషి. ఇన్నేళ్లకు ఆ కారు ఎవరో కోటీశ్వరుడి దగ్గర తేలినట్టు పేపర్లో ఫొటో పడింది. ఈ గోదాం ఆ కోటీశ్వరుడిదే.

మొదటి రాత్రే వినిపించింది.

టక్… టక్… స్స్‌స్…

మారయ్య పని సరిగ్గా అలాగే ఉండేది. రెండు దెబ్బలు వేసి, అరచేత్తో రేకును నిమిరి ఎత్తుపల్లాలు చూసుకునేవాడు. వీరాస్వామికి ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"నాన్నా…"

చప్పుడు ఆగింది.

మర్నాటినుంచి కారు పక్కన ఒక గ్లాసు కోపి, అదే ఇక్కడి కాఫీ, పెట్టసాగాడు, తద్దినానికి ఇంట్లో పెట్టినట్టే. పాలు లేకుండా, చక్కెర దట్టించి… మారయ్యకు అదంటే ప్రాణం. తెల్లారేసరికి గ్లాసు సగం ఖాళీ!

ఆఫీసు మేనేజర్ లోహిత్, విజయవాడ కుర్రాడు, ముందే హెచ్చరించాడు. "అంకుల్, కవర్ కూడా టచ్ చేయొద్దు. కెమెరాలో పడితే జాబ్ పోతుంది."

కానీ ఒకరోజు తెలిసింది, కారు మర్నాడే ఓడెక్కి వేరే దేశం పోతోందని. ఇక మళ్లీ రాదు. జాబ్ పోతే పోనీ అనుకున్నాడు వీరాస్వామి. ఆ రాత్రి ముసుగు లాగేసి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"రా నాన్నా, కూర్చో. ఎవడాపుతాడో నేనూ చూస్తా."



సీటు మెల్లగా కుంగింది — ఎవరో బరువుగా కూలబడ్డట్టు.

వీరాస్వామి భయపడలేదు. చేతులు జోడించి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. గుండెల మీంచి ఒక పెద్ద బరువు దిగిపోయింది.

పొద్దున్నే లోహిత్ పరుగున వచ్చాడు. "ఎందుకు చేశారంకుల్ ఈ పని?"

వీరాస్వామి దాచకుండా అంతా చెప్పాడు. వింటున్నకొద్దీ కుర్రాడి మొహం పాలిపోయింది.

"సారీ అంకుల్…" అన్నాడు గొంతు తగ్గించి. "ఇది ఆ కారు కాదు."

"అంటే?"

"నకలు. ఒరిజినల్‌ని ఆ దొర ఎగ్జిబిషన్ అవగానే తుక్కుకి వేసేశాడట. పాత ఫొటోలు చూపించి మా బాస్ ఇటలీలో చేయించాడు. దీని బాడీని సుత్తితో కొట్టి చేసిన ముసలాయన, పాపం, పెయింట్ వేయకముందే పోయాడు."

తుక్కు! మారయ్య జీవితాంతం కలవరించిన కారు, ఆయన బతికుండగానే తుక్కు. ఆ మాట ఆయనకు చెప్పినవాడే లేడు. ఇక ఆయన కూర్చోవడానికి ఎక్కడా ఏమీ లేదు. వీరాస్వామికి ఆ దొర గొంతు పట్టుకోవాలనిపించింది, కానీ దొర కూడా ఎప్పుడో పోయాడు.

వంగి గ్లాసు తీశాడు. ఈసారి చుక్క మిగల్లేదు.

"ఆ ముసలాయనకి పిల్లలున్నారా తంబీ?"

"ఒక కొడుకున్నాడట. ఎందుకంకుల్?"

"వాళ్ల నాన్న ఇందులో కూర్చున్నాడని… ఎవరైనా చెప్పాలి కదా."